కారు అమ్మినా బాధ్యత తీరదు

గల్ఫ్ దేశాల్లో ఏళ్ల తరబడి కష్టపడి హైదరాబాద్ పరిసరాలకు తిరిగివచ్చిన వారిలో కొందరు ఆ రోజుల్లో జపాన్ కార్లు వెంట తెచ్చుకున్నారు. మరికొందరు 1983 డిసెంబరులో సుజుకీ పరిజ్ఞానంతో మన దేశంలో మొదలైన మారుతి 800 కొనుక్కున్నారు. అలాంటి కారు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉందంటే అది ఒక తండ్రి శ్రద్ధకు గుర్తు. ఆయన కన్నుమూశాక పిల్లలు దాన్ని అమ్మదలచుకుంటారు. అందులో తప్పేమీ లేదు. ఎలా అమ్ముతున్నామన్నదే ప్రశ్న.

మొయినాబాద్ ఫామ్‌హౌస్ యజమాని ముచ్చటపడి కొనవచ్చు. చేవెళ్ల రైతు పనుల మీద మెహదీపట్నం దాకా తిరగడానికి కొనవచ్చు. మొదటి వ్యక్తికి రంగు మళ్లీ వేయించామని, రెండో వ్యక్తికి విడిభాగాలు దొరకడం కష్టమని చెప్పాలి. వారు అడగకపోయినా చెప్పాలి. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పగా, మరి ఆ తడిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు. మెరిసే కారు కింద తుప్పు పట్టిన రేకు కూడా ఆ తడి లాంటిదే.

పాతదైన ప్రతి కారునూ 'వింటేజ్' అని చెప్పి ధర పెంచడం కూడా సరికాదు. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనానికే ఆ గుర్తింపు దక్కుతుంది. అలా నమోదైన కారును రోజువారీ అవసరాలకు రోడ్డు మీద తిప్పకూడదు.

ఇక ఇంటి సంగతి. తండ్రి కారు అన్నదమ్ములది మాత్రమే కాదు. అప్పులు తీర్చాక మిగిలిన ఆస్తిలో తల్లికి, అక్కచెల్లెళ్లకు వాటా ఉందని దివ్య ఖుర్ఆన్ నిసా సూరాలో నిర్దేశించింది. పొలం పంచేటప్పుడు గుర్తొచ్చే ఈ మాట కారు డబ్బు చేతికొచ్చినప్పుడు ఎందుకు మరుగున పడుతోంది? అత్తవారింట ఉన్న ఆడపిల్ల నోరు తెరిచి అడగదు. అడగలేదు కాబట్టి ఇవ్వనక్కరలేదా?

చివరగా కాగితాలు. ఆర్.సి. చనిపోయిన తండ్రి పేరున ఉంటే ముందు ఫారం 31తో వారసుల పేరుకు మార్పించాలి. ఆ తర్వాతే ఫారం 29, 30లపై కొన్నవారి పేరుకు బదిలీ. రాష్ట్రంలోపల అమ్మితే అమ్మినవారు 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. "తెలిసినవాడే, తర్వాత మార్చుకుంటాడులే" అని తాళాలు ఇచ్చేవారు ఎందరో! 2018లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన ఒక కేసులో కారు చేతులు చాలానే మారింది. అయినా రిజిస్టరులో ఎవరి పేరుందో ఆయనే ప్రమాద పరిహారానికి బాధ్యుడని కోర్టు తేల్చింది. బదిలీ చేయించని నిర్లక్ష్యం వల్ల ముందు నలిగేది బాధిత కుటుంబమే.

బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల నీడలో తండ్రి కారు మరొకరి చేతిలో సాగిపోతుంటే మనసు కొంత బరువెక్కడం సహజం. అయితే కొన్నవారి దగ్గర ఏదీ దాచలేదని, తోబుట్టువు హక్కు కాజేయలేదని ధైర్యంగా చెప్పుకోగలగాలి. తండ్రి కారును ఎంత శుభ్రంగా ఉంచాడో, దాని అమ్మకాన్నీ అంత శుభ్రంగా ముగించడం పిల్లల ధర్మమని మేము భావిస్తున్నాం.