జాజ్ సంగీతమును, మన మార్ఫాయును

ఏటేట ఏప్రిల్ 30వ తేదీన అంతర్జాతీయ జాజ్ దినోత్సవమును, జూను 21వ తేదీన ప్రపంచ సంగీత దినోత్సవమును పెక్కు దేశములలో జరుపుచున్నారు. మొదటిది 2011లో యునెస్కో ప్రకటింపగా 2012 నుండి నడచుచున్నది. రెండవది 1982లో ఫ్రాన్సు దేశమున, జాక్ లాంగ్ సంస్కృతీ శాఖామాత్యుడుగా నుండగా, సంగీతమును మందిరములనుండి వీథులలోనికి తెచ్చి ఎల్లవారికిని ఉచితముగా వినిపింపవలెనను సంకల్పముతో పుట్టినది. ఒక్క దినముతో తృప్తిపడక, దేశదేశముల గాయకులను వాద్యగాండ్రను రప్పించి వారము దినములు సభలు జరుపవలెనను ఉత్సాహము పెద్ద నగరములందు పెరుగుచున్నది. హైదరాబాదునకును అట్టి సంగీత వారము కావలెనని మేమును కోరుచున్నాము. అయితే అది ఎచ్చట జరుగును, ఎవరు విందురు, ఆ వేదికపై మనవారికి చోటు కలదా లేదా అను విషయములు ముందుగా తేల్చుకొనవలసినవి. ఆహ్వానపత్రములు అచ్చైన పిమ్మట వీనిని గూర్చి వాదించి ప్రయోజనము లేదు.

జాజ్ అనగానే మనలో రెండు తెగలవారు రెండు విధముల పొరబడుచున్నారు. ఒకరు దానిని హోటళ్లలో భోజనవేళ మ్రోయు శబ్దమని త్రోసిపుచ్చుదురు. మరియొకరు దానిని ధనవంతుల నాగరకతకు గుర్తుగా ఎంచి, అర్థమైనను కాకున్నను తల యూచుదురు. వీరిరువురును దాని పుట్టుక నెరుగరు. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్ నగరమున కాంగో స్క్వేర్ అను మైదానము కలదు. ఆఫ్రికానుండి ఓడలలో గొనిపోబడిన బానిసలు ఆదివారములందు అచ్చట గుమిగూడి తమ డోళ్లు వాయించుకొని నాట్యమాడెడివారు. 1817లో నగరపాలకులు బానిసల నాట్యమునకు ఆదివారమును, నిర్ణీత స్థలమును తప్ప వేరు అవకాశము లేకుండ శాసించిరి. వారమునకు ఆ కొన్ని గడియల స్వేచ్ఛలో నిలిచిన లయయే, పొలములలోని కూలివారి పాటలతోను, దేవాలయ గీతములతోను, సైనిక బాకా మేళములతోను కలసి, సుమారు నూరేండ్లకు జాజ్ అయ్యెను. 1901లో ఆ నగరముననే జన్మించిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ నల్లజాతి బాలుర సంస్కరణాలయమున బూర పట్టుట నేర్చెను. దీనిని శ్రీమంతుల సంగీతమనుట ఎంతటి విపరీతము!

శాస్త్రీయ సంగీతాభిమానులకు ఒక మాట. మన గాయకుడు పల్లవి నెత్తుకొని నెరవు చేసి, కల్పనస్వరములు వేసి, తుదకు మృదంగ విద్వాంసునికి తని విడుచుట మనకు సుపరిచితము. జాజ్ మేళమును అట్లే నడచును. ముందు ఒక చిన్న రాగవరుసను అందరును కలసి వాయింతురు. తరువాత ఒక్కొక్కరు దానిని తమ మనోధర్మము కొలది విస్తరించుచుండగా తక్కినవారు తాళమును, స్వరమేళనమును తప్పక పట్టియుందురు. పండ్రెండు ఆవృత్తముల కొలత ముగియగనే మరల మొదటికి వత్తురు. నాలుగేసి ఆవృత్తములు వంతులు వేసికొని ఒకరి కొకరు బదులు పలుకుటయు కలదు. మన ఘటమును మృదంగమును జవాబులు చెప్పుకొనుట చూచినవారికి అది క్రొత్తగా తోపదు. వారి బ్లూస్ బాణీలో గాంధార నిషాదములను పట్టీపట్టక జార్చుట కూడ మన గమకమునకు దూరపు చుట్టమే. స్వరమేళనము మనకు లేదు, ఇంతటి గమక విస్తారము వారికి లేదు. ఇచ్చిపుచ్చుకొనుటకు ఇంతకంటె మంచి వ్యాపారము కలదా?

ఇట్టి వ్యాపారము మనకు క్రొత్తదియు కాదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు మదరాసున ఐరోపావారి ఫిడేలు నేర్చి మన సభకు తెచ్చెను. దానిని విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు మన గాత్రమంత సొంతము చేసిరి. 1958లో అమెరికా జాజ్ విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ మన దేశమునకు వచ్చినపుడు మదరాసున పళని సుబ్రహ్మణ్య పిళ్లైగారి మృదంగముతో ఆతని మేళము జతగూడెను. ఆ పర్యటన అమెరికా ప్రభుత్వము పంపినదే. ఆతని మేళములో ఒక నల్లజాతి వాద్యగాడుండుటచే, రెండేండ్ల తరువాత ఆతని స్వదేశముననే దక్షిణ రాష్ట్రముల కళాశాలలు ఒప్పుకొన్న కచేరీలను రద్దు చేసినవి! పాలకొల్లు బాలుడు మాండొలిన్ శ్రీనివాస్ 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బెర్లిన్ నగరపు జాజ్ ఉత్సవమున వాయించి పాశ్చాత్యుల మెప్పు పొందెను. జాజ్ వేదిక తెలుగువానికి నాడే తలుపు తెరచినది.

ఇక ముఖ్య విషయమునకు వచ్చుచున్నాము. ఆఫ్రికా ఖండమునుండి మనుష్యులను పడమటికి మాత్రమే గొనిపోలేదు. అరబ్బీ సముద్రము దాటి తూర్పునకును వారు వచ్చిరి. కొందరు బానిసలుగా, కొందరు సైనికులుగా. దక్కనులో వారిని హబ్షీలనియు, సిద్దీలనియు పిలిచిరి. నిజాము కొలువులో ఆఫ్రికన్ కేవల్రీ గార్డ్స్ అను అశ్వదళము వారిదే. ఆ దళము నివసించిన పేట నేటికిని ఏ.సి. గార్డ్స్ అను పేరుతో నగరమధ్యమున నున్నది. ఆ దారిని ప్రతిదినము పోవు వేలకొలది జనులలో ఆ రెండక్షరముల అర్థమెరిగినవారెందరు? యెమెను దేశమునుండి వచ్చిన అరబ్బు సైనికులు బార్కస్‌లో స్థిరపడిరి. బార్కస్ అను మాటయే బ్యారక్సు అను మాట నుండి వచ్చినది. ఈ అరబ్బుల వాద్యములును, ఆ సిద్దీల తాళమును కలసి ఈ నగరముననే మార్ఫా అను మేళముగా రూపొందినవి. కుండవంటి మార్ఫా, పలుచని దఫ్, ఢోలు, కఱ్ఱలు. రాగము స్వల్పము, లయయే సర్వస్వము. ఒకడు పట్టిన నడకను మరియొకడు అడ్డగించుచు, మూడవవాడు ఆ రెంటి సందులను పూరించుచుండగా, కత్తులు కఱ్ఱలు చేబూని ఆడువారి అడుగులు ఆ నడకపై నిలుచును. న్యూ ఆర్లియన్స్ వీథులలో బాకా మేళముల వెంట జనులు ఆడుచు పోవు ఊరేగింపును గూర్చి చదివినవారికి ఇది చూడగనే తోబుట్టువు జ్ఞప్తికి రాకపోదు. ఒకే ఖండపు లయ పడమట జాజ్ అయ్యెను, తూర్పున మార్ఫా అయ్యెను. మొదటిదానికి యునెస్కో ఒక దినమును కేటాయించినది. రెండవదానికి మనము పెండ్లి ఊరేగింపులో వరుని గుఱ్ఱము ముందు పదిగజముల చోటు కేటాయించితిమి!

1948లో సంస్థానము భారత యూనియనులో చేరిన పిమ్మట ఆ దళము రద్దయ్యెను. సైనికుల సంతతివారిలో పెక్కండ్రు చిన్న ఉద్యోగములలోను, కూలిపనులలోను కుదురుకొనిరి. మార్ఫా మాత్రము మిగిలెను. పెండ్లిండ్లకు, రాజకీయ నాయకుల స్వాగతములకు దానిని అద్దెకు పిలుతురు. పిలిచినవారు గంట లెక్కన బేరమాడుదురు. నాయకుని కారు కదలగనే మేళమును మరతురు. పెద్ద శబ్దయంత్రములు చౌకగా దొరకుచున్న ఈ దినములలో ఆ బేరమును తగ్గుచున్నది. తండ్రి దఫ్ పట్టిన ఇంట కొడుకు దానిని పట్టవలెనన్న అందు కూడును గౌరవమును ఉండవలె గదా. సంగీత వారము జరుపువారు విదేశీ మేళములకు విమానపు టిక్కెట్లు కొందురు, మంచిదే. ఏ.సి. గార్డ్స్ నుండి వేదికకు ఆటో కిరాయి అంతకంటె భారము కాదు.

వేదిక యెక్కడ? ఇట్టి సభలలో పెక్కు నగరపు పడమటి దిక్కున, హోటళ్లలోను, భోజనశాలలలోను జరుగుట పరిపాటి. కార్లు గలవారికి అది సుకరము. కీసర, ఉప్పల్, నాచారము ప్రాంతముల కార్మికులకు, ఉద్యోగులకు, విద్యార్థులకు అది పరదేశముతో సమానము. అయితే ఈ తూర్పు దిక్కు సంగీతమెరుగనిదని తలచువారు మహాశివరాత్రికి కీసరగుట్ట ఎక్కి చూడవలెను. రామలింగేశ్వరుని సన్నిధిని దినముల తరబడి సాగు ఆ ఉత్సవమునకు టిక్కెట్టు లేదు, ముందువరుస కుర్చీలు లేవు. శాక్సఫోను, ట్రంపెట్టు సైతము వీరికి అపరిచితములు కావు. చలనచిత్రములు వానిని ఇంటింటికి చేర్చినవి. నాచారమున నందమూరి తారకరామారావుగారు స్థాపించిన స్టూడియో చుట్టుప్రక్కలవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. ఉప్పల్‌లో 2019లో తెరచిన చిన్న శిల్పారామమున బయలు రంగస్థలము కలదు. మెట్రో రైలు 2017 నుండి ఉప్పల్‌కు వచ్చుచున్నది. ఓరుగల్లు దారి బస్సులు ఉప్పల్ కూడలిని తాకియే పోవును గనుక ఘటకేశ్వరము, భువనగిరి వాసులును వచ్చి విని పోవచ్చును. ఏడు సాయంకాలములలో రెండైనను ఇచ్చట, ఉచితముగా, జరుపవలెనని మేము కోరుచున్నాము. అందొక సాయంకాలము జాజ్ మేళమును, మార్ఫా మేళమును ముందు వేర్వేరుగ వాయించి, పిమ్మట ఒకే వేదికపై కలసి వాయింపవలెను. నడుమ అరగంట ఈ రెండు సంగీతముల చరిత్రను తెలుగున, ఉర్దూన చెప్పించినచో విన్నవారికి వినికిడి రెట్టింపగును.

అనుమతులను గూర్చి భయపడువారికి న్యాయశాస్త్రము అడ్డు రాదని మనవి. 2000 నాటి శబ్దకాలుష్య నియమముల ప్రకారము బయట లౌడుస్పీకరు పెట్టుటకు అధికారుల వ్రాతపూర్వకమైన అనుమతి కావలెను. రాత్రి పది దాటిన పిమ్మట దానిని వాడరాదు. సాంస్కృతిక సందర్భములకు సంవత్సరమున పదునైదు దినములు మించకుండ అర్ధరాత్రి వరకు సడలించు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకు కలదు. ఆరు గంటలకు ప్రారంభించి పదికి ముగించిన ఆ సడలింపుతో పనియే లేదు. ప్రక్క ఇండ్లలోని వృద్ధులును, పరీక్షలకు చదువుకొను పిల్లలును మనలను దీవింతురు.

మరియొక చట్టమును నిర్వాహకులు చదువవలెను. జాజ్ సంగీతపు తొలి గ్రామఫోను రికార్డు 1917లో వెలువడినపుడు దానిని వాయించినవారు శ్వేతజాతి మేళమువారు. సృష్టించిన నల్లవారి పేరు అందు లేదు. మన బొంబాయిలోను ఇట్లే జరిగెను. 1935లో లియాన్ ఆబీ అను అమెరికా నల్లజాతి విద్వాంసుని మేళము తాజమహలు హోటలున వాయించిన పిమ్మట జాజ్ నేర్చిన గోవా వాద్యగాండ్రు హిందీ చిత్రగీతములకు ప్రాణము పోసిరి. కాని తెరమీద వారిలో పెక్కండ్ర పేరులు కానరావు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లోను 2012లోను చేసిన సవరణలచే ప్రదర్శకునికి తన ప్రదర్శనపై హక్కును, తన పేరు ప్రకటింపబడు హక్కును సిద్ధించినవి. కావున ఆహ్వానపత్రమున "స్థానిక జానపద బృందము" అని ఒక్కముక్కలో తేల్చివేయక, జాజ్ వాద్యగాండ్ర పేరులు ఏ అక్షరములలో అచ్చువేయుదురో ఆ అక్షరములలోనే మార్ఫా వాద్యగాండ్ర ప్రతియొక్కరి పేరును అచ్చువేయవలెను. రికార్డు చేయదలచినచో ముందుగా వ్రాతమూలకముగ వారి అంగీకారము గొని, వచ్చు ఆదాయములో వారి భాగమెంతయో ఆ కాగితముననే వ్రాయవలెను. సంభావనను సభ ముగిసిన రాత్రియే చేతికీయవలెను.

ఇంతకును ఈ పనులకు కావలసినది పెద్ద ధనరాశి కాదు. రాబోవు జూనునకు కార్యక్రమము కుదుర్చుకొనువారు ఇప్పుడే ఒకమారు ఏ.సి. గార్డ్స్ పేటకును, ఒకమారు ఉప్పల్ శిల్పారామమునకును పోయి మాటలాడి వచ్చిన చాలును. ఈ ప్రాంతపు పఠనాలయములవారును, కళాశాలల సంగీతసంఘములవారును శ్రోతలను సమకూర్చు భారమును తమ మీద వేసికొని, ఆ సంగతిని నిర్వాహకులకు ముందుగనే జాబు వ్రాసి తెలుపుదురు గాక.