తగ్గవలసినది కొవ్వు, కండ కాదు

బరువు తగ్గాలనుకునేవారిలో చాలామంది మొదట చేసే పని రాత్రి భోజనం మానివేయడం. తూకం తగ్గుతుంది, నిజమే. అయితే తగ్గినదంతా కొవ్వేనని భ్రమపడరాదు. వ్యాయామం లేకుండా కఠిన పథ్యం చేస్తే, తగ్గిన బరువులో సుమారు నాలుగవ వంతు కండ వంటి కొవ్వేతర కణజాలమే కావచ్చు. భోజనానంతరం రక్తంలోని చక్కెరను అధికంగా స్వీకరించేవి కండరాలే. వృద్ధాప్యంలో మనిషిని పడిపోకుండా నిలబెట్టేవీ అవే.

అలాగని బరువులెత్తితే చాలు, ఏమైనా తినవచ్చుననుకోవడమూ పొరపాటే. గంటసేపు శ్రమించి ఖర్చుచేసిన శక్తిని నాలుగు గారెలు ఇట్టే తిరిగి ఇచ్చేస్తాయి.

నా అభిప్రాయంలో బరువును తగ్గించేది కంచం, కండను కాపాడేది కసరత్తు. ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు. అన్నం కొంత తగ్గించి పప్పు, పెరుగు, గుడ్డు, చేపలకు చోటివ్వండి. చేతుల ఆసరా లేకుండా కుర్చీలోంచి లేవడం, గోడను ఆనుకొని తోయడం, నీళ్ల సీసాలు ఎత్తడం వంటివి వారానికి కనీసం 2 రోజులు చేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే కనీస పరిమితీ అదే. ఇన్సులిన్ వాడేవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని సంప్రదించకుండా ఆహారం మార్చరాదు.

నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఆ కొలత తగ్గుతూ, మెట్లెక్కే సత్తువ పెరుగుతూ ఉంటే, తూకం నెమ్మదిగా కదిలినా దిగులు పడనవసరం లేదు.