రానిరోగుల లెక్క

జ్వరము వచ్చినవాడు తానే వైద్యుని వెదకికొని పోవును. రక్తపోటు గలవానికి బాధ లేదు. రెండు నెలలు మందు మ్రింగి మూడవనెల మానివేయును. పక్షవాతమో గుండెపోటో వచ్చువఱకు ఆ సంగతి యింటివారికిని దెలియదు. భారత వైద్య పరిశోధనా మండలివారి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన పరిశీలన ననుసరించి, దేశమున మధుమేహరోగులు 10 కోట్లకును, రక్తపోటు గలవారు 31 కోట్లకును మించియున్నారు. ఇందఱిని ఏ వైద్యుడు జ్ఞప్తియం దుంచుకొనగలడు? కాగితపు రిజిష్టరు వచ్చినవాని పేరు చెప్పును. రానివాని పేరు దానినుండి తీయుటకు ఒక పూట పట్టును.

కంప్యూటరు లెక్క యిచ్చటనే అక్కఱకు వచ్చుచున్నది. 2017 నవంబరులో అయిదు రాష్ట్రములందు భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమము ప్రారంభమైనది, తెలంగాణ మందొకటి. ఈ కార్యక్రమమున పలుచోట్ల నర్సు తన ఫోనునందే రోగి రక్తపోటును, ఇచ్చిన మందును, మరల రావలసిన తేదిని నమోదు చేయును. గడువు దాటినవారి పట్టిక దానంతట నదియే సిద్ధమగును. ఆమె వారికి ఫోను చేసి రమ్మనును. పూర్వము శిస్తు వసూలునకు బయలుదేరిన మునసబునకు కావలసినది చెల్లించినవారి పేర్లు గావు, బకాయిదారుల పేర్లు. నర్సుకును అట్టిదే కావలయును. అయితే పిలిచిన రోగికి మందు లేదని చెప్పి పంపుటకంటె పిలువకుండుటయే మేలు!

ఇక 2021 సెప్టెంబరు 27న దేశమంతటను ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషను కోరినవారికి 14 అంకెల ఆభా సంఖ్య నొసగుచున్నది. 2025 ఆరంభమునకే యివి 70 కోట్లు దాటినవి. రెండు ఆసుపత్రులు నిందు చేరియుండి, రోగి యనుమతించినచో, గుంటూరిలో చేసిన పరీక్షాఫలితమును హైదరాబాదు వైద్యుడు చూడవచ్చును. మంచిదే. కాని సంఖ్య పుట్టించుట యొకటి, దానిక్రింద నెలనెలయు కొలత వ్రాయుట మఱియొకటి. అదే కొలతను రిజిష్టరులో నొకసారి, యంత్రములో నొకసారి వ్రాయించినచో నర్సుకు రోగి ముఖము చూచు తీరికయే యుండదు.

రహస్యభంగభయమును త్రోసివేయరాదు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబరుదాడి జరుగగా, దాదాపు రెండు వారములు అచ్చటి పనులు కాగితములపై నడిచినవి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము వచ్చినది. అయినను విషయ మెఱుగని గ్రామీణుని చేత ఫోనుపై వ్రేలు నొక్కించుట అనుమతి యనిపించుకొనదు.

ఆభా సంఖ్యలను ప్రభుత్వమువారు ఉత్సాహముతో ప్రకటించుచున్నారు. ప్రతి జిల్లాయందును నమోదైన రోగులలో గడువునకు మరల వచ్చినవా రెందఱో, రక్తపోటు 140/90కి లోబడినవా రెందఱో, ఆ లెక్కనుకూడ మూడు నెలల కొకమారు ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము.