దుకాణం మనది, తాళంచెవి ఎవరిది?

చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతంలో పండే కూరగాయలు, పూలు రోజూ హైదరాబాదుకు తరలిపోతాయి. ముడిమ్యాల వంటి ఊళ్లలో నారు పెట్టేదీ, కలుపు తీసేదీ, టమాటాలు తెంపేదీ, పూలు కోసేదీ ఎక్కువగా స్త్రీలే. కానీ మార్కెట్లో ధర చెప్పేది వాళ్లు కాదు. తక్‌పట్టీ ఎవరి పేర వస్తుందో, డబ్బు ఎవరి చేతిలో పడుతుందో మనకు తెలిసిందే.

దళారుల బెడద తప్పించడానికని 1999 జనవరిలో ప్రభుత్వం రైతుబజార్లు తెరిచింది. ఇప్పుడు పట్నంలో చాలామంది సరుకులు ఫోన్లోనే కొంటున్నారు. ఆ ఆన్‌లైన్ అంగళ్లు పెద్ద కంపెనీలవి. కమీషన్ ఎంతో, ఎవరి సరుకు ముందు చూపాలో నిర్ణయించేది వాళ్లే. దళారి పోలేదు, ఫోన్లోకి మారాడు.

దీనికి ప్రత్యామ్నాయం లేదా? ఉంది. ఆన్‌లైన్ దుకాణానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌లో దొరుకుతుంది. 2011లో వచ్చిన వూకామర్స్ అలాంటిదే. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడవచ్చు, మార్చుకోవచ్చు, మరో సంఘానికి ఇవ్వవచ్చు. విత్తనం దాచుకుని పక్కింటికి పంచుకునే మన ఆడవాళ్లకు ఈ నీతి కొత్తదేమీ కాదు. అయితే అంతా ఉచితమని భ్రమపడకూడదు. సర్వరు అద్దె, దుకాణం పేరుకు ఏటా కట్టే రుసుము, ఆన్‌లైన్ చెల్లింపుల మీద కోత ఉంటాయి. వీటిని ముందే లెక్క వేసుకోవాలి.

అసలు ప్రశ్న వేరే ఉంది. ప్రతి ఆన్‌లైన్ దుకాణానికీ కొన్నవాళ్లకు కనిపించని వెనక గది ఒకటి ఉంటుంది. దాన్నే అడ్మిన్ డాష్‌బోర్డు అంటారు. ధర పెట్టేదీ, సరుకు ఎంత మిగిలిందో చూసేదీ, ఆర్డర్లు, వసూళ్లు, కొన్నవాళ్ల చిరునామాలు ఉండేదీ అక్కడే. గల్లాపెట్టె, ఖాతా పుస్తకం, తాళంచెవి మూడూ ఒక్కచోట ఉన్నట్లు. ఆ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉంటే దుకాణం వాళ్లదే. బోర్డు మీద మహిళా సంఘం పేరు రాసినంత మాత్రాన అది మహిళలది కాదు.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలులోకి వచ్చాక స్త్రీలు సర్పంచులయ్యారు. కానీ ఎన్నో చోట్ల కుర్చీ భార్యది, పెత్తనం భర్తది అయింది. “నీకేం తెలుస్తది, నేను చూసుకుంటా” అనే ఆ మాటే రేపు డాష్‌బోర్డు దగ్గరా వినిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఇంటర్నెట్ ఒక్కసారైనా వాడినవాళ్లు పురుషులలో నూటికి 57 మంది, స్త్రీలలో 33 మంది. ఈ తేడా తెలివిలో తేడా కాదు. ఫోను ఎవరి జేబులో ఉందన్న తేడా.

నేర్చుకోలేరనే వాదన మనం విన్నదే. నెల్లూరు జిల్లాలో రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దిన స్త్రీలు 1992లో సారా దుకాణాలను మూయించారు. పొదుపు సంఘాల పుస్తకాలు రాస్తున్నదీ, బ్యాంకు లెక్కలు అడుగుతున్నదీ మన ఊరి ఆడవాళ్లే. ఆ లెక్క తెలిసినవాళ్లకు డాష్‌బోర్డు బ్రహ్మవిద్య కాదు. తెలుగులో, ఓపికగా నేర్పేవాళ్లు కావాలి. 2005 నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం పనిచేస్తున్న ‘స్వేచ్ఛ’ వంటి సంస్థలు మన రాష్ట్రంలోనే ఉన్నాయి.

కనుక ఆన్‌లైన్ దుకాణం పెట్టే ప్రతి సంఘం కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి. దుకాణం పేరు, సర్వరు, బ్యాంకు ఖాతా సంఘం పేరనే ఉండాలి. బ్యాంకులో ఇద్దరి సంతకాలు ఉన్నట్లే, ప్రధాన అధికారం ఎన్నుకున్న ఇద్దరు సభ్యురాళ్ల దగ్గర ఉండాలి. మిగిలినవాళ్లకు వారి పనికి తగినంత మేరకు వేరువేరు ప్రవేశాలు ఇవ్వాలి. అప్పుడే ధర ఎవరు మార్చారో కనిపెట్టవచ్చు. నెలనెలా లెక్కల నకలు తీసి సమావేశంలో చదవాలి. కట్టి ఇచ్చినవాళ్లు పని ముగియగానే తాళాలు అప్పగించాలి. కొన్నవాళ్ల వివరాలు ఎవరికీ అమ్మరాదు.

మహిళా సంఘాలకు ఆన్‌లైన్ దుకాణాలు కట్టి ఇస్తామనే ప్రభుత్వ శాఖలను, స్వచ్ఛంద సంస్థలను మనం అడగవలసింది కూడా ఇదే: దుకాణంతో పాటు శిక్షణ ఇవ్వండి, తాళంచెవి ఇవ్వండి.

పంట మీద హక్కు ధర మీద హక్కు లేకుండా పూర్తి కాదు. ధర మీద హక్కు లెక్క మీద హక్కు లేకుండా నిలవదు. ఆ లెక్క ఇప్పుడు తెర మీదికి చేరింది. అక్కడికి మనమూ చేరాలి.