కొట్టము లేని లోగిలి

అద్దంకి చుట్టుపట్ల నల్లరేగడిలో ఇల్లు కట్టుకొన్నవాడు ఋతువులకు లోబడి బ్రతుకవలసినదే. ఎండకాలమున చేయి దూరునంత నెఱ్ఱెలు వారి, వానకు తడిసి ఉబ్బి, మరల ఎండ తగులగానే కుదించుకొనిపోవు ఆ నేలమీద ఏ గోడయు కదలక నిలువజాలదు. ఈ సంగతి నెఱిగినవారు గనుకనే మన పెద్దలు తమ మండువా లోగిళ్ళకు మట్టిని, గానుగ సున్నమును నమ్ముకొనిరి. సున్నము మెత్తనిది; నేల కదలినపుడు తానును కొంత కదలును; సన్నని బీట పడినచో, వాననీటిలో తన సారమే కొంత కరగి, ఆ బీటలో మరల గడ్డకట్టి దానిని పూడ్చును. సిమెంటునకు ఆ సహనము లేదు. అది బిగిసిన పిమ్మట వంగదు. పగిలిన చోట పగిలియే యుండును.

మా తాతగారి ఇంటికి పదునాలుగేండ్లుగా మరమ్మతు జరుగుచున్నది. దారిన పోవువారు ఆగి, "ఇంకా కాలేదా?" అని అడుగుదురు. కాలేదు. మొదటి రెండేండ్లు, తొందరపడి పూయించిన సిమెంటును గోడలమీదనుండి ఒలిపించుటకే సరిపోయినవి. లోని చెమ్మ వెలికి పోవు దారి మూసికొనిపోవుటచే, మూడు తరములు చెక్కుచెదరని మట్టిగోడ మూడు వర్షాకాలములలో ఉప్పు పొంగి, పెచ్చులు పెచ్చులుగా రాలినది. పిమ్మట ఒక వృద్ధ మేస్త్రి దొరికెను. కాల్చిన సున్నమును నీటిలో నెలల తరబడి నానవేయుటయు, ఇసుక కలిపి గానుగలో నలుగనిచ్చుటయు, అందులో బెల్లపు నీరు, కరక్కాయ నీరు పోయుటయు ఆయన చేతులకు తెలిసిన విద్య. ఒక పూత ఆరినగాని రెండవది వేయనీయడు. సున్నము గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా పీల్చుకొని తిరిగి రాయి యగుట వారములలో ముగియునది కాదని, ఆ శాస్త్రము పేరైనను వినకయే, ఆయన ఎఱుగును.

ఇట్టి దీర్ఘమైన పనికి మన తెలుగునాట పెద్ద ఉదాహరణము హైదరాబాదులో మూసీకి ఉత్తరపు గట్టున నున్న బ్రిటిషు రెసిడెన్సీ. కోఠీ యను పేటకు ఆ పేరు ఈ భవనమువలననే వచ్చినది. నిజాము దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా 1798 నుండి యున్న జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ నిజాము ధనముతోనే దీనిని 1803లో ఆరంభించి, పూర్తియైన రూపమును చూడకయే 1805లో కలకత్తాలో మరణించెను. ముందువైపు ఆరు మహాస్తంభములు, వానికి ఎదుట విశాలమైన మెట్ల వరుస, దాని కిరుప్రక్కల సింహములు, లోపల చిత్రించిన పైకప్పులు. చూచినవారికి ఇది ఇల్లు కాదు, అధికారమే రాతిగా సున్నముగా నిలిచినట్లు తోచును. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకులుగా జనము దండెత్తినదియు ఈ ఆవరణమీదికే. 1949లో ఇది మహిళా కళాశాల అయినది. ఆ పిమ్మట దశాబ్దముల తరబడి ఆ గదులలోనే బాలికలు చదువుకొనుచుండగా, పైకప్పు కారుచు, గోడలు నానుచు వచ్చినవి. 2002లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వారు ప్రమాదమునందున్న కట్టడముల జాబితాలో దీనిని చేర్చిరి. ప్రధాన భవనము బాగుపడి జనులు చూడగల స్థితికి వచ్చుసరికి 2023 అయినది. కట్టుటకు పట్టిన కాలముకంటె బాగుచేయుటకు పట్టిన కాలము అనేక రెట్లు. దీనిని ఆలస్యమని నిందించువారితో నేను ఏకీభవింపను.

నా బాధ వేఱు. ఆ ఆవరణలో ఒకప్పుడు రంగమహల్ అను అంతఃపురముండెడిది. కిర్క్‌పాట్రిక్ వివాహమాడిన ఖైరున్నిసా బేగము అందు నివసించెను. స్తంభములు, సింహములు వచ్చిపోవు దొరల కొఱకు. సంసారము జరిగినది రంగమహల్‌లో. తరువాతి రెసిడెంటుల కాలమున, 1860 ప్రాంతమున, దానిని పడగొట్టిరి. పరదా దాటి ముందువైపునకు రాలేని బేగము చూచుటకై కిర్క్‌పాట్రిక్ ఆ మహాభవనమునకు చిన్న నమూనా యొకటి తోటలో కట్టించెనని చెప్పుకొందురు. ఆ నమూనాయు, తోట ద్వారములును, ఆంగ్లేయుల సమాధులున్న శ్మశానవాటికయు ప్రధాన భవనమునకు వచ్చిన కీర్తిలో భాగము లేక చాలకాలము శిథిలమగుచునే యుండెను. ఎక్కడను ఇదియే వరుస: దర్బారునకు మొదట, వంటయింటికి చివర. చివరి వంతు వచ్చులోపల వంటయిల్లు మిగులదు.

ఆ నగరములోనే యున్న నిజాముల చౌమహల్లా సంగతి కొంత ఊరట కలిగించును. నలువదియైదెకరములుగా నుండిన ఆ రాజప్రాసాదము పండ్రెండెకరములకు కుంచించుకొనిపోయినను, మిగిలినదానిని నిజాము కుటుంబపు కోడలు రాకుమారి ఎస్రా పూనికతో ఆవరణలతో, కొలనులతో సహా బాగుచేయించిరి. 2010లో దానికి యునెస్కో పురస్కారము లభించినది. దర్బారుహాలు దీపవృక్షములను మాత్రమే తుడిచి ఊరకొనియుండినచో ఆ గౌరవము దక్కెడిది కాదని నా నమ్మకము.

ఇక మన మెట్టకు వత్తము. ఇచ్చటి లోగిలి యనగా మండువా, దూలములు, చెక్కడపు ద్వారబంధము మాత్రమే కాదు. పసుల కొట్టము, గాదె, నుయ్యి, ప్రత్తి నిలువచేయు కొట్టు, దొడ్డిలో పొగాకు బ్యారను, ఇవన్నియు కలిసినగాని ఇల్లు కాదు. క్రీ.శ. 848 నాటి మన అద్దంకి శాసనములో చాళుక్య సేనాని పండరంగడు బోయల కొట్టములు పండ్రెండింటిని గెలిచినట్లున్నది. నాడు సీమకో, కోటకో చెల్లిన మాట నేడు ఎద్దులను కట్టు పాకకు మిగిలినది. ఆ పాకయు ఇప్పుడు పోవుచున్నది. మిరపకాయ కల్లమునుండి నేరుగా గుంటూరు కోల్డు స్టోరేజీకి పోవును. ప్రత్తి చేనినుండియే లారీ ఎక్కి జిన్నింగు మిల్లు చేరును. ఎద్దులకు బదులు ట్రాక్టరు వచ్చినది. పని పోయినది గనుక కొట్టము పడిపోయిననేమి యని యజమాని అనుకొనును. కాని ఆ ఇంటి సిరి పుట్టినది మండువాలో కాదు, ఆ కొట్టములో. చావడిలో కూర్చున్నవారి పేర్లు దస్తావేజులలో నుండును. కొట్టములో పాటుపడిన పాలేరులకును, మిరపకాయ తొడిమలు తీసిన ఆడవారికిని ఆ తాటి దూలము, ఆ అరిగిన గడప తప్ప వేఱు సాక్ష్యము లేదు.

ప్రభుత్వమువారి విషయమున నాకొక విన్నపము కలదు. పాతకట్టడముల మరమ్మతును రోడ్డుపనివలె తక్కువ ధర చెప్పినవానికి ఒప్పగించి, ఆర్థిక సంవత్సరము ముగియులోపల బిల్లు చేయుమనుట, సున్నమును మానుమని చెప్పుటయే. అంచనా వ్రాయునపుడే పూతలు ఆరుటకు గడువీయవలెను. ప్రహరీ, నుయ్యి, పాకలు మొదటి పుటలోనే చేరవలెను. జిల్లాకొక గానుగయైనను తిరుగుచుండవలెను, దానిచెంత నేర్చుకొను పడుచువాండ్రుండవలెను. మా మేస్త్రిగారికి డెబ్బది దాటినది. ఆయన చేతిలోని తాపీని అందుకొనువాడు ఇంకను రాలేదు.

ఈ యేడు వానలకు ముందు నూతి ఒర పూర్తియైనది. కొట్టమునకు నాలుగు తాటి దూలములు కావలెను. చేవదేరిన మ్రాను కొఱకు ఊళ్ళు తిరుగుచున్నాము. రెండు దొరకినవి, నీడన ఆరుచున్నవి.