గమ్యము దాచి యమ్మెడు యాత్రలు

ఇటీవల పాశ్చాత్యదేశములందు ఒక నూతన విహారపద్ధతి ప్రబలి, అచ్చటి పత్రికలయొక్కయు యాత్రాప్రియులయొక్కయు ప్రశంసలను విశేషముగా అందుకొనుచున్నది. ప్రయాణికుడు బయలుదేరు దినమును, మరలివచ్చు దినమును, తాను వెచ్చింపగల ధనమును మాత్రము నిర్ణయించి సొమ్ము చెల్లించును. పోవలసిన యూరేదో విక్రేత నిర్ణయించును. ఆ యూరి పేరు సొమ్ము చేతులు మారిన పిదప గాని, ఒక్కొక్కచో విమానాశ్రయమున నిలిచి మూసిన కవరు చించిన పిదప గాని కొన్నవానికి తెలియదు. ఇట్లు చేయుటవలన ఎంపికయను భారము తొలగుననియు, పూర్వపు బాటసారుల సాహసము మరల సిద్ధించుననియు, అందఱును ఎగబడు పట్టణములను విడిచి జనము మఱుగునపడిన యూళ్లకు చేరుననియు దీని అభిమానులు చెప్పుచున్నారు. ఈ ప్రశంసలో నిలువదగినది స్వల్పమని నా తలంపు. ఈ బేరమున ముసుగు వేయబడినది ధర. ఆ ముసుగునకు ఆశ్చర్యమను అందమైన పేరు పెట్టినవాడు విక్రేత.

జర్మనీలో కొలోన్ నగరము కేంద్రముగా నడచిన జర్మన్‌వింగ్స్ అను చౌకవిమానసంస్థ ప్రవేశపెట్టగా, తరువాత యూరోవింగ్స్ చేత కొనసాగింపబడిన బ్లైండ్ బుకింగ్ అను పద్ధతిని పరిశీలించినచో విషయము విశదమగును. అందు నగరములు సంస్కృతి, విలాసము మొదలగు వర్గములుగా విభజింపబడియుండును. కొనువాడు ఒక వర్గమును ఎన్నుకొని, అందలి నగరముల పట్టికను చూచి, సొమ్ము చెల్లించును. వెంటనే ఆ పట్టికలోని పేర్లలో ఒకటి వానికి ప్రత్యక్షమగును. తనకు ఇష్టములేని నగరమును ముందుగానే కొట్టివేయవచ్చును గాని, కొట్టివేసిన ప్రతి నగరమునకును తలకు కొన్ని యూరోల చొప్పున అదనపు రుసుము కట్టవలెను. ఈ చిన్న నిబంధనను పాఠకులు మఱియొకసారి చదువవలెనని ప్రార్థన. తెలియకపోవుటయే ఈ యాత్రయొక్క సుఖమైనచో, ఆ తెలియనితనమును పిసరంత తగ్గించుకొనుటకు జనులు రొక్కము ఏల చెల్లింతురు? చెల్లింతురని దృఢముగా ఎఱుగకున్నచో సంస్థ ఆ రుసుమును ఏల నిర్ణయించును? విక్రేత లెక్కలపుస్తకములో అజ్ఞానము కొనువానికి కలుగు నష్టముగానే నమోదైయున్నది. తగ్గింపుధర ఆ నష్టమునకు పరిహారము. ప్రకటనలో మాత్రము ఆ నష్టమే కానుకగా వర్ణింపబడుచున్నది.

ఈ పరిహారము ఇయ్యవలసిన అగత్యమేమనగా, విమానములోని సీటు నిలువయుండు సరకు కాదు. తలుపు మూసి విమానము కదలిన క్షణమున ఖాళీసీటు విలువ సున్న యగును. సంతలో ప్రొద్దుగ్రుంకువేళ మిగిలిన కూరగాయలను అమ్ముకొను స్త్రీ గొంతెత్తి ధర తగ్గించి కేకవేయును. అది అందఱును వినదగిన బేరము. విమానసంస్థ అట్లు కేకవేయజాలదు. ఏలయన, ఆ తగ్గింపు బయటపడినచో, కార్యార్థియై తప్పక పోవలసి హెచ్చుధర యిచ్చుటకు సిద్ధముగానున్న వర్తకుడు సైతము దానినే అందుకొనును. కావున ఆ వర్తకునకు పనికిరాకుండునట్లు సరకును కొంత చెడగొట్టి యమ్మవలెను. బెర్లిన్‌లో కొలువుతీరు సభకు పోవలసినవాడు ఏ యూరికో తెలియని టిక్కెట్టును కొనడు గదా! 1998లో అమెరికాలో ప్రైస్‌లైన్ అను సంస్థ ఈ కిటుకును జనసామాన్యములోనికి తెచ్చినది. అప్పుడు కొనువానికి ఊరు తెలియును. ఏ సంస్థవారి విమానమో, ఏ వేళకు బయలుదేరునో, ఏ హోటలో సొమ్ము చెల్లించువఱకు తెలియదు. క్రమక్రమముగా ఒక్కొక్కటే దాచుచు వచ్చి, తుదకు ప్రయాణికునికి మిగిలియున్న ఆ యొక్క వస్తువును, అనగా ఊరిని కూడ దాచినారు. స్కాట్ ఫే, జిన్‌హాంగ్ షియె అను ఇద్దరు వాణిజ్యశాస్త్రపండితులు 2008లో ప్రకటించిన పరిశోధనలో, కొనువాని అనిశ్చయము విక్రేతకు ఏయే సందర్భములందు లాభదాయకమగునో గణితముతో నిరూపించినారు. ఇందు పాపమేమియు లేదు; వర్తకుడు ఖాళీసీటును నింపుకొనుట ధర్మమే. తన సీటును నింపిపెట్టిన మనుష్యునికి నీవు కొలంబసువని చెప్పుటయే ఎబ్బెట్టు.

సీటు బేరమున కనీసము తగ్గింపైనను కలదు. కవరుయాత్రలలో అదియు సందేహమే. 2016లో పిట్స్‌బర్గ్‌లో ఆరంభమైన ప్యాకప్ అండ్ గో వంటి సంస్థలు తలకింతయని మొత్తమును ముందుగానే నిర్ణయింపుమని కోరును. ప్రయాణమునకు వారము ముందుగా అచ్చటి శీతోష్ణములను, పెట్టెలో సర్దుకొనవలసిన దుస్తులను తెలుపును. కవరును విమానాశ్రయమున విప్పుమని ఉపదేశించును. ఇది చూచుటకు ముచ్చటగానే యుండును. కాని సామాన్యవ్యాపారమున కొనువాడు వస్తువును చూచి ధరను బేరమాడును. ఇచ్చట ధర ముందు స్థిరమై, దానికి తగిన వస్తువును విక్రేతయే వెదకిపెట్టును. అంగీకరించిన మొత్తమునకును, విక్రేతకు పడిన వ్యయమునకును నడుమనున్న అంతరము ఎంతయో కొన్నవాడు సరిచూచుకొనుటకు మార్గమున్నదా? ఊరి పేరే తెలియనివాడు ఏ ధరను దేనితో పోల్చును? విక్రేతలందఱును వంచకులని నేననను. వంచన జరిగినను కనబడని బేరమును మెచ్చుకొనుటకు మాత్రము నాకు నోరు రాదు. ఐరోపా సమాఖ్యలో 2015లో వెలువడిన ప్యాకేజీయాత్రల నిర్దేశము ఒప్పందమునకు ముందే యాత్రాగమ్యమును వినియోగదారునకు తెలుపవలెనని విధించుచున్నది. ఆ విధికిని మూసిన కవరునకును పొత్తు ఎట్లు కుదురునో న్యాయవాదులు తేల్చుకొందురుగాక.

ఇంక ఎంపికభారమును గూర్చి. షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రకటించిన ప్రయోగము ఈ వాదమునకు పట్టుకొమ్మ. దుకాణములో 24 రకముల జామును రుచికి పెట్టినప్పుడు ఆగినవారిలో నూటికి ముగ్గురు కొనగా, ఆరు రకములు పెట్టినప్పుడు నూటికి ముప్పదిమంది కొనిరి. బాగున్నది. కాని ఆ యాఱు సీసాలపైనను పేర్లు అంటించియుండెను. మూత తీసి రుచిచూచుటకు అనుమతి యుండెను. ఎంపికలు ఎక్కువైనచో తగ్గింపవలెనని ఆ ప్రయోగము చెప్పినదే గాని, కన్నులకు గంతలు కట్టుమని చెప్పలేదు. ఊళ్లు తెలిసిన మిత్రుని అడిగినను ఈ భారము సగము తీరును. అందులకు రుసుము లేదు.

అన్నిటికంటె నాకు అసహ్యమైనది సాహసమను మాట. 2024 ఏప్రిల్‌లో స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ సంస్థ తన సభ్యులకొఱకు గమ్యము చెప్పని విమానమొకటి కోపెన్‌హాగెన్ నుండి నడిపినది. అది ఏథెన్స్‌లో దిగినది. ఏథెన్స్‌లో 2009లో తెరవబడిన ఆక్రోపోలిస్ మ్యూజియము కలదు. దాని పై యంతస్తునందు పార్థెనాన్ దేవాలయపు శిల్పపంక్తిని ఆ దేవాలయపు కొలతకు సరిగా అమర్చినారు. అందు తేనెవన్నెకు తిరిగిన పాలరాతి ఖండముల సరసనే తెల్లని ప్లాస్టరు నకళ్లు కనబడును. ఆ నకళ్లలో పెక్కింటి మూలములు 19వ శతాబ్ది యారంభమున ఎల్జిన్ ప్రభువు ఊడదీయించి ఓడలకెక్కింపగా, నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. ఈ కథ తెలిసి వచ్చినవాడు ఆ గోడ ముందు ఒక జాతి తన శిల్పములకొఱకు చేయుచున్న ఫిర్యాదును చదువును. తెలియనివాడు రెండు రంగుల రాళ్లను చూచి, ఫలాహారశాల ఎచ్చటనని అడుగును. దిగిన పిమ్మట చదువుకొనవచ్చును గదా యందురేమో. రెండుమూడు దినముల విహారమున చదువుకొనుటకు తీరికయెక్కడిది? వాడు చేతిలోని ఫోనును తెఱచి, మొదట కనబడిన పది స్థలముల పట్టికను అనుసరించి, లోకమంతయు నడచిన త్రోవనే నడచును.

కావుననే రద్దీ తగ్గునను మాటయు తేలిపోవుచున్నది. విమానసంస్థ తాను ఎగురు ఊళ్లనే గదా పట్టికలో నుంచునది! 2024 జూలైలో బార్సిలోనావాసులు పర్యాటకులపై నీటితుపాకులతో నీళ్లు చిమ్మి తమ విసుగును వెల్లడించిరి. ఏ యూరైనను సరేయని ఎక్కినవాడు అట్టి నగరమున దిగినచో, అచ్చటివారికి కలుగు అవమానము ఇంకను అధికము. వారి యూరిని చూడగోరి వచ్చినవాడు కూడ కాడు గదా.

గమ్యము తెలిసినచో విస్మయము చచ్చునను వాదమునకు మన భాషలోనే చక్కని ప్రత్యుత్తరము కలదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణము విడిచి, 1831 సెప్టెంబరులో మరలివచ్చినాడు. కాశికి పోవుచున్నానని ఆయన ఎఱుగును, పరివారమెఱుగును. అయినను, 1838లో అచ్చయిన ఆయన కాశీయాత్రచరిత్ర యందు నదులు, ఘాట్లు, అంగళ్లు, భాషలు, ఆచారములు, ఒక్కొక్క మజిలీలో ఎదురైన వింతలు పుటపుటను నిండియున్నవి. తెలిసిన గమ్యమునకు నడచినవానికి త్రోవ అంతగా ఇచ్చినది. దాచిన గమ్యమునకు ఎగిరినవానికి త్రోవయే లేదు, మేఘములు తప్ప.

ఈ క్రీడ ఎవరికొఱకు కల్పింపబడినదో గమనింపుడు. జర్మనీలో చదువుకొనుచున్న తెలుగు విద్యార్థులు నేడు వేలసంఖ్యలో నున్నారు. అచ్చటి నివాసానుమతిపత్రముతో వారు షెంగెన్ దేశములందు విహరింపవచ్చును. లండన్‌కో డబ్లిన్‌కో పోవలెనన్న వేఱు వీసా కావలెను. పట్టికలో లండన్ ఉన్నచో, జర్మను విద్యార్థికి అది వినోదము; ప్రక్కగదిలోని మన గుంటూరు కుఱ్ఱవానికి అది సొమ్మునకు గండము, కొట్టివేయుటకు చెల్లింపవలసిన అదనపు యూరోలు. హైదరాబాదు నుండి షెంగెన్ వీసాకు అర్జీ పెట్టువాడు ఏ దేశమున ఎక్కువ దినములుండునో ఆ దేశపు కార్యాలయమునకే పోవలెను. బసయేర్పాట్లను, 30,000 యూరోలకు తక్కువకాని వైద్యబీమాను చూపవలెను. ‘ఎచ్చటికో నాకే తెలియదు, అదియే ఈ యాత్రలోని మాధుర్యము’ అని ఆ గవాక్షమువద్ద పలికి చూడుడు! కొన్ని పాసుపోర్టులవారికి గమ్యము తెలియకపోవుట విలాసము. తక్కినవారికి అది తిరస్కారమునకు హేతువు. ఈ భేదము అభిమానుల వ్యాసములలో నాకు కానరాదు.

గమ్యము తెలియని ప్రయాణములన్నియు నింద్యములని నేననలేదు. 1932లో గుడ్‌ఫ్రైడే నాడు ఇంగ్లండులో గ్రేట్ వెస్టర్న్ రైల్వే పాడింగ్టన్ నుండి పాదచారులకొఱకు గమ్యము చెప్పని రైలును నడపినది. అది ఒక దినపు వేడుక, పొలముల నడుమ కాలినడక, సాయంకాలమునకు ఇల్లు. జపాన్ ఎయిర్‌లైన్స్ 2016 డిసెంబరులో ఆరంభించిన పద్ధతియందు నాలుగు ఊళ్ల పేర్లు ముందే చూపి, ఎన్ని మైళ్ల పాయింట్లు ఖర్చగునో చెప్పి, మూడు దినములలో అందేది వచ్చినదో తెలుపుదురు. చీట్లాట ఆడువానికి చీట్లన్నియు ముందుగా చూపుట మర్యాద. కవరులమ్మువారును అంతపాటి మర్యాద పాటింపవచ్చును: ఊరి పేరుతోపాటు, కొన్ననాడు ఆ విమానమునకును ఆ హోటలునకును బహిరంగవిపణిలోనున్న ధరలను వ్రాసిన చీటీ యొకటి కవరులో నుంచుడు. అది చదివిన పిదపకూడ ఉల్లాసముగా విమానమెక్కువానితో నాకు పేచీ లేదు.