మందగమన శకటములు

ఉప్పల్ కూడలి యొద్ద ఉదయమున ఒక అరగంట నిలిచి చూచినవారికి ఒక దృశ్యము తప్పక కానవచ్చును. వరంగల్లు బాటనుండి వచ్చు లారీలు, నాగోలు వైపు మరలు బస్సులు, హబ్సీగూడ, రామంతాపురముల నుండి వచ్చు కార్లు ఒకదానినొకటి త్రోసికొనుచుండగా, వాని నడుమ చప్పుడైనను లేక ఒక చిన్న ఎలక్ట్రిక్ స్కూటరు ప్రాకుచుండును. కాళ్ల నడుమ సరకుల మూట. నంబరు పలక లేదు. ఇట్టి బండ్లను పెద్దబాటలనుండి వెడలగొట్టవలెనని కొందరు, గాల్ఫు మైదానములందు తిరుగు బ్యాటరీ బండ్లను సైతము వీధులలోనికి విడువవలెనని కొందరు వాదించుచున్నారు.

శాసనమేమనుచున్నదో మొదట చూతము. మోటారు శక్తి 250 వాట్లకును, వేగము గంటకు 25 కిలోమీటర్లకును లోపుగా నున్న రెండు చక్రముల బ్యాటరీ బండి, కేంద్ర నిబంధనల ప్రకారము, మోటారు వాహనమే కాదు. కావున దానికి రిజిస్ట్రేషను లేదు, లైసెన్సు లేదు, బీమాయు లేదు. ఈ-రిక్షా సంగతి వేరు. 2014 జూలైలో ఢిల్లీ హైకోర్టు వానిని నిలిపివేయగా, 2015లో పార్లమెంటు చట్టమును సవరించి, నలుగురు ప్రయాణికులు, 40 కిలోల సామాను అను హద్దులతో వానికి స్థానము కల్పించెను. లైసెన్సు, రిజిస్ట్రేషను వానికి తప్పవు. ఇక గాల్ఫు బండి నమూనా ఆమోదమును, రిజిస్ట్రేషనును పొందనిదే ప్రజాబాట నెక్కరాదు.

చిన్న బండి యేమి హాని చేయునని నవ్వువారు కలరు. ముదుసలి తుంటియెముక విరుగుటకు ఆ వేగము చాలును. లారీ తాకినచో ఆమెకు ప్రమాద పరిహార ట్రైబ్యునలు కలదు, బీమా కంపెనీ కలదు. ఈ బండి తాకినచో ఆ ద్వారము మూయబడి సివిలు దావా మాత్రమే మిగులును. ఫీజు చెల్లించి, ఏండ్లు తిరిగి, డిక్రీ పొందినను ఆ కూలివాని యింట జప్తు చేయుట కేమున్నది? కోర్టు మెట్లెక్కినవారికి జవాబు చెప్పనక్కరలేదు. మఱియు 25 కిలోమీటర్లకు కట్టుబడి అమ్ముడుపోయిన బండికి కట్టు విప్పించి 40, 45 వరకు పరుగెత్తించువారు కలరు. విప్పిన క్షణముననే అది మోటారు వాహనము. బీమా లేని మోటారు వాహనము.

అయినను బహిష్కారవాదులతో మేము ఏకీభవింపజాలము. 1865లో ఇంగ్లండున బాటలపై నడచు యంత్రశకటము ముందు ఎఱ్ఱజెండాతో ఒక మనిషి నడువవలెనని శాసించిరి; పట్టణములందు గంటకు 2 మైళ్లు మించరాదనిరి. 1896లో గాని ఆ వేగనిర్బంధము సడలలేదు. నాడు బాట నడచువానిది, వేగమే పరాయిది. నేడు నెమ్మదిగా పోవువాడే చొరబడినవాడైనాడు.

నాచారము పారిశ్రామికవాడకు పోవు కార్మికురాలు 2017 నవంబరునుండి మెట్రోలో హబ్సీగూడ వరకు రాగలుగుచున్నది. ఆపైన మిగిలిన రెండు మూడు కిలోమీటర్లే ఆమె కూలిలో పాలు తినుచున్నవి. ఈయస్ఐ ఆసుపత్రికి పోవు రోగికిని అదే యిబ్బంది. ఈ కొద్దిదూరమునకు మహావేగమక్కరలేదు, పెట్రోలును అక్కరలేదు. మనము వాడు ముడిచమురులో నూటికి 85 పాళ్లకు మించి పరదేశములనుండి కొనుచున్నాము. బ్యాటరీ కణములును హెచ్చుగా చైనానుండియే వచ్చుచున్నవి గనుక దీనిని పూర్ణస్వదేశియని చెప్పుకొనుట డంబమే యగును; అయినను నిత్యము కాల్చు చమురు వేరు, ఏండ్లు పనిచేయు బ్యాటరీ వేరు. 2024 నవంబరులో రాష్ట్రప్రభుత్వము ఎలక్ట్రిక్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మాఫీ చేసెను. బండి కొనుటకు సాయము దొరకినది. పోవుటకు బాట మాత్రము దొరకలేదు.

ప్రమాదమంతయు వేగభేదమున నున్నది. గంటకు 60 కిలోమీటర్లు పోవు కారు 25 పోవు బండిని సెకనునకు సుమారు 10 మీటర్ల చొప్పున తరుముకొని వచ్చును. 2018లో శంకుస్థాపన జరిగి యేండ్ల తరబడి సాగిన నారపల్లి పైవంతెన పని వరంగల్లు బాటను ఎంత యిరుకు చేసినదో ఉప్పల్ వాసులెరుగుదురు. నడచువారికి 2023లో ఆకాశవంతెన కట్టిరి; బండి దాని నెక్కలేదు గదా!

అమెరికాలో 1998లోనే గంటకు 25 మైళ్లు మించని చిన్న బండ్లను వేరు తరగతిగా నిర్ణయించి దీపములు, అద్దములు, బెల్టులు విధించిరి. జార్జియాలోని పీచ్‌ట్రీ సిటీవారు సుమారు 100 మైళ్ల పొడవున వానికి వేరు దారులే వేసికొనిరి. మనకంత చోటు లేదు; లోవీధులు కలవు. హబ్సీగూడ మెట్రోనుండి నాచారము పారిశ్రామికవాడకు, ఉప్పల్ స్టేషనునుండి చిలుకానగరమునకు పోవు లోవీధులను ఎన్నుకొని, అచట కార్లతో సహా అన్ని బండ్లకును 30 కిలోమీటర్లే పరిమితి చేయవలెను. మోటారు వాహన చట్టము 112వ సెక్షను ఆ అధికారమును రాష్ట్రప్రభుత్వమునకు ఇచ్చియే యున్నది. చిన్న స్కూటరునకు స్వల్పరుసుముతో నంబరును, బీమాను విధించుటకు కేంద్రము నిబంధనను మార్చవలెను. వేగపుకట్టు విప్పు దుకాణమువానిని శిక్షింపవలెను. పెద్దబాటనుండి నెమ్మదిబండిని తొలగించుట ఆ తరువాతి మాట. బండ్లను పట్టుకొను పోలీసులు ఉప్పల్ కూడలికి రాకముందే ఆ 30 అంకె పలకలు నాచారము వీధులలో నిలువవలెను.